ఏలీ యింట పెరిగిన బాలుడు

మూలవాక్యము: 1 సమూయేలు 2:12–26, 3:10–18, 8:1–3



మన పల్లెలలో సి.యస్.ఐ. వారి పేట, లూథరనువారి పేట, బాప్టిస్టువారి పేట, ఆర్.సి.యం. వారి పేట అని వేరువేరుగా చెప్పుకొందుముగాని అందరమును ఒకే బోరింగు నీళ్లు త్రాగుచున్నాము. వారి పిల్లను మనము చేసికొందుము, మన పిల్లను వారికిచ్చెదము. వారి ఫాదరుగారు ఎదురుపడినయెడల మనమును చేతులు జోడించుదుము. కాబట్టి ఆ సంఘపు గురువులను గూర్చి చెడ్డ సమాచారము వచ్చినప్పుడు అది మన అరుగులమీదకు కూడ వచ్చును. కొందరు దుఃఖింతురు. కొందరైతే, “చూచితిరా, మనము చెప్పలేదా?” అని లోలోపల సంతోషింతురు. ఆ సంతోషము క్రీస్తు ఆత్మవలన కలిగినది కాదు. పొరుగువాని యిల్లు కాలుచుండగా చలి కాచుకొనువాడు తన కప్పుకూడ తాటాకుదే అని మరచినవాడు.

అయితే మాటలాడకుండుటయు తప్పే. కథోలిక గురువుల తర్ఫీదులో ఏ లోపము వలన ఇంత కీడు పుట్టినదో నిదానముగా తెలిసికొందము. పిమ్మట అదే దీపమును మన యింటిలోనికి తెచ్చుకొందము.

1. షిలోహులో జరిగినది

షిలోహులో ప్రత్యక్షపు గుడారముండెను. ఏలీ అక్కడ యాజకుడు. అతని కుమారులు హొఫ్నీ, ఫీనెహాసు. వారు పుట్టుకచేత యాజకులు, వస్త్రముచేత యాజకులు. పనియంతయు వారికి తెలియును, దేవుడు మాత్రము తెలియడు. జనులు బలిమాంసము వండుచుండగా వారి పనివాడు మూడు ముండ్ల కొంకి తెచ్చి కుండలో గ్రుచ్చి, దానికి చిక్కినదెల్ల తీసికొని పోవును. ఎవరైన అడ్డు చెప్పినయెడల బలాత్కారము చేయును. గుడారపు ద్వారమునొద్ద సేవచేయు స్త్రీల విషయములోను ఆ కుమారులు పాపము చేసిరి.

ఇక్కడ మనము గమనింపవలసినది ఒకటి. ఈ సంగతి ఏలీకి తెలియనిది కాదు. జనులందరు వచ్చి చెప్పిరి. అతడు కుమారులను మందలించెను కూడ. అయితే వారిని పనిలోనుండి తీసివేయలేదు. కొంకి వారి చేతిలోనే ఉండెను, ద్వారము వారి వశముననే ఉండెను. దేవుడు అతనిమీద మోపిన నేరము ఇదే: ఎరిగియుండియు అడ్డగింపలేదు.

ఆ యింటిలోనే సమూయేలను చిన్నవాడొకడు పెరుగుచుండెను. తల్లి హన్నా వానిని దేవునికి మ్రొక్కుకొని అక్కడ విడిచిపెట్టెను. అయినను ఆమె వానిని మరచిపోలేదు. ఏటేట చిన్న అంగీ కుట్టి తీసికొని వచ్చుచుండెను. నిరుటి అంగీ ఈ యేడు చాలదు. కొలత తెలియవలెనంటే బిడ్డను దగ్గరకు తీసికొని, వీపు నిమిరి, ముఖము చూడవలెను. ఈ అంగీని మనస్సులో ఉంచుకొనుడి.

2. నారుమడి

కథోలిక సంఘములో గురువులు కాబోవువారు చదువుకొను స్థలమును సెమినరీ అందురు. లాటిను భాషలో ఆ మాటకు నారుమడి అని అర్థము. పొలము చేయు మనకు దీనిని వివరించనక్కరలేదు.

నాలుగున్నర శతాబ్దములకు పూర్వము ఐరోపా పల్లెలలో అనేకమంది గురువులకు చదువు సరిగా లేదు, వాక్యజ్ఞానము లేదు. దీనిని సరిచేయుటకు ట్రెంటు మహాసభ 1563లో ఒక శాసనము చేసెను. ప్రతి బిషప్పు తన మండలములో ఒక విద్యాలయము పెట్టవలెను, పండ్రెండేండ్లు నిండి చదువను వ్రాయను వచ్చిన బాలురను అందులో చేర్చుకొనవలెను, ముఖ్యముగా బీదల పిల్లలను తీసికొనవలెను అని నియమించిరి. ఉద్దేశము మంచిది. దానివలన జ్ఞానవంతులును త్యాగపరులును అనేకులు బయలుదేరిరి. కుష్ఠరోగులకు పరిచర్య చేయుటకు 1873లో మొలొకాయి ద్వీపమునకు వెళ్లి, ఆ రోగము తనకే అంటుకొనగా 1889లో అక్కడనే మరణించిన ఫాదర్ డామియను ఆ సంఘపు గురువే. ఇది ఒప్పుకొనని వాడు సత్యమును ప్రేమించువాడు కాడు.

అయితే నారుమడి సంగతి మనకు తెలియును. నీడ ఎక్కువైనచోట నారు పొడవుగా పెరుగునుగాని పీలగా నుండును. చూచుటకు పచ్చగానే ఉండును. ఎండలో నాటినప్పుడు దాని బలహీనత బయటపడును. పండ్రెండేండ్ల బాలుడు తల్లిదండ్రులనుండి, అక్కచెల్లెండ్రనుండి, వీధిలోని ఆటలనుండి వేరై, మగవారి మధ్యనే పది పండ్రెండేండ్లు గంట కొట్టినప్పుడు లేచి, గంట కొట్టినప్పుడు పండుకొని పెరిగెను. వేదాంతము నేర్చెను, లాటిను నేర్చెను. కోపము వచ్చినప్పుడు ఏమి చేయవలెను, ఒంటరితనము కలిగినప్పుడు ఎవరితో చెప్పుకొనవలెను, స్త్రీతో సహోదరివలె ఎట్లు మాటలాడవలెను, శరీరములో పుట్టు ఆశను దేవునియెదుట ఎట్లు ఒప్పుకొనవలెను? వీటిని అనేక చోట్ల ఎవరును నేర్పలేదు. అడుగుటయే పాపమనిపించునట్లు ఉండెను.

అమెరికా దేశములో 271 మంది గురువులతో మాటలాడి చేసిన ఒక పరిశీలన 1972లో ప్రచురింపబడెను. వారిలో ఎక్కువమంది వయస్సులో పెద్దవారైనను మనస్సులో ఎదుగవలసినంత ఎదుగలేదని అందులో తేలినది. ఆ దేశపు బిషప్పుల కోరికమీద జాన్ జే కళాశాలవారు 2004లో ప్రకటించిన లెక్క ఇంకను భయంకరమైనది. 1950 మొదలు 2002 వరకు 4,392 మంది గురువులమీద బాలలను చెరిపిరను నేరారోపణలు వచ్చినవి. అది ఆ కాలపు గురువులలో నూటికి సుమారు నలుగురు. ఆరోపణ చేసినవారు 10,667 మంది. ఆ కళాశాలవారే 2011లో మరియొక నివేదిక ఇచ్చిరి. బ్రహ్మచర్యమే దీనికి కారణమని వారు చెప్పలేదు. అయితే సెమినరీలో మనిషిగా ఎదుగుటకు తగిన శిక్షణ పొందినవారికిని పొందనివారికిని భేదము కనబడినదని చెప్పిరి.

మనలో కొందరు, “వారికి పెండ్లి లేదు, అందుచేతనే ఇదంతయు” అని ఒక్కమాటతో తేల్చివేయుదురు. పాశ్చాత్య సంఘములో గురువుల వివాహము చెల్లదని స్థిరపరచినది 1139లో కూడిన రెండవ లాటెరను మహాసభ. పేతురునకు అత్త యుండెనని సువార్తలో చదువుచున్నాము గనుక ఆ కట్టడ అపొస్తలుల కాలమునుండి వచ్చినది కాదని మనమెరుగుదుము. ఆస్ట్రేలియా ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము 2017లో ఇచ్చిన తుది నివేదికలో, బ్రహ్మచర్యము నేరమునకు నేరుగా కారణము కాదనియు, ఇతర లోపములతో కలిసినప్పుడు అపాయమును పెంచుచున్నదనియు చెప్పిరి. వివాహమైన కాపరులు కూడ ఇదే పాపములో పడిరి. పెండ్లి మనిషిని పరిశుద్ధుని చేయగలిగినయెడల దావీదు బత్షెబ యింటివైపు చూచియుండడు.

3. వేరైన జాతి

రెండవ లోపము మొదటిదానికంటె లోతైనది. చిన్ననాటినుండి వేరుచేయబడిన బాలునికి వేరు వస్త్రమిచ్చిరి, వేరు పేరిచ్చిరి. అభిషేకమైన దినమున కన్నతల్లి కూడ వచ్చి వాని చేతులు ముద్దు పెట్టుకొనెను. ఇరువదియైదేండ్ల యౌవనుని ముందు అరువదియేండ్ల రైతు నిలువబడి, “ఫాదరుగారు చెప్పినదే సరి” అనెను. అట్టివాడు సేవకుడనను సంగతి జ్ఞాపకముంచుకొనుటకు దేవుని కృప మెండుగా కావలెను. కృపను వెదకనివాడు తాను సామాన్య జనులకంటె వేరైన జాతివాడనని తలంచును.

ఇది మనము వారిమీద వేసిన నింద కాదు. 2025లో మరణించిన పోపు ఫ్రాన్సిసుగారే 2018 ఆగస్టులో తన సంఘమంతటికిని వ్రాసిన జాబులో, ఈ గురువుల అధికార గర్వమును తిరస్కరింపక బాలల చెరుపును తిరస్కరించుట సాధ్యము కాదను భావమును తెలిపిరి. హృదయములను తీర్చిదిద్దని సెమినరీలు జనులకు కాపరులనుగాక చిన్న రాక్షసులను తయారుచేయునని ఆయన 2013లో హెచ్చరించిరి. 1965లో రెండవ వాటికను మహాసభ గురువుల తర్ఫీదును గూర్చి కొత్త శాసనము చేసెను. 1992లోను 2016లోను దానిని మరల సవరించి, వేదాంతము, భక్తి, సంఘసేవ అనువాటితోపాటు మనిషిని మనిషిగా ఎదిగించుట ముఖ్యమని వ్రాసిరి. కాగితముమీద వ్రాసినది అలవాటులోనికి వచ్చుటకు తరములు పట్టును. అయినను తన తప్పును తానే వ్రాసికొన్న సంఘమును గేలిచేయుటకు మనకు హక్కు లేదు.

4. తల్లి వ్రాసిన జాబులు

మూడవ లోపము ఏలీ లోపము: పరువు కొరకు మౌనము.

అమెరికాలో థియొడోరు మెకారిక్ అను బిషప్పు ఉండెను. ఆయన 2001లో కార్డినలు ఆయెను. పూర్వము న్యూజెర్సీలో బిషప్పుగా నున్నప్పుడు సెమినరీ విద్యార్థులను సముద్రతీరమందున్న ఒక యింటికి తీసికొనిపోయి, వారిలో ఒకనిని తన పడకమీద పండుకొనుమనెడివాడు. ఆ విద్యార్థి ఎవరితో చెప్పును? వానికి అభిషేకము చేయవలసినవాడు ఆ బిషప్పే. కాదని త్రోసివేయగలవాడును ఆ బిషప్పే. కొంకి పట్టుకొన్నవాడే న్యాయాధిపతియైనప్పుడు బీదవాని కుండలో ఏమి మిగులును?

ఈ సంగతిమీద వాటికనువారు 2020 నవంబరులో పెద్ద నివేదిక ప్రకటించిరి. అందులో పేరు చెప్పని ఒక తల్లి సాక్ష్యమున్నది. ఆయన ఆమె యింటికి వచ్చుచు, ఆమె కుమారులను తాకుచుండిన రీతి చూచి ఆమె మనస్సు కలవరపడెను. 1980వ దశకములో ఆమె సంఘపు పెద్దలకు తన పేరు వ్రాయకుండ జాబులు వ్రాసెను. అవి ఏమియు చేయలేకపోయినవి. ఆయన పైకి, ఇంకను పైకి ఎక్కెను. 2019లో మాత్రమే ఆయనను గురుత్వమునుండి తొలగించిరి.

సహోదరులారా, ఆ తల్లి హన్నావంటిది. కొలత చూడగలిగినది ఆమె కన్నులే. దోషము ఆమెకు కనబడెను. సంఘము ఆమె చేతిలోని జాబును తీసికొనలేదు.

ఐర్లండు దేశములో డబ్లిను మండలమునుగూర్చి 2009లో వచ్చిన మర్ఫీ నివేదిక, పెద్దల చింత బాలలనుగూర్చి గాక రహస్యమునుగూర్చియు, అపవాదు రాకుండుటనుగూర్చియు, సంఘపు పేరును ఆస్తిని కాపాడుటనుగూర్చియు ఉండెనని తేల్చినది. నేరము చేసినవానిని ఒక విచారణనుండి మరియొక విచారణకు మార్చుట అనేక దేశములలో జరిగినది. తెగులు పట్టిన నారును పెరికి కాల్చక, పొరుగు మడిలో నాటినట్లాయెను.

5. సమూయేలు కుమారులు

ఇంతవరకు చదివి తృప్తిపడినవారు 1 సమూయేలు ఎనిమిదవ అధ్యాయము తెరువవలెను. ఏలీ యింటిమీద తీర్పు పలికిన సమూయేలుకును కుమారులు కలిగిరి. యోవేలు, అబీయా అనువారు బెయేర్షెబాలో న్యాయాధిపతులై యుండి, లంచమునకు ఆశపడి తీర్పులు తారుమారు చేసిరి. ఏలీ యింటిని దిద్దుటకు దేవుడు లేపినవాని యింటనే ఆ తెగులు పుట్టెను.

మనము సమూయేలు ఇంటివారము. మనకు పోపు లేడు, పాపసంకీర్తనపు పెట్టె లేదు, కాపరులకు భార్యలున్నారు. అయినను అమెరికాలోని సదరన్ బాప్టిస్టు సంఘములలో ఇరువది సంవత్సరముల వ్యవధిలో ఏడు వందలకు పైగా బాధితులున్నారని 2019లో వార్తాపత్రికలు బయటపెట్టినవి. నేరారోపణ కలిగినవారి పట్టీ పెద్దల చేతిలో రహస్యముగా ఉండెననియు, బాధితులు తలుపు తట్టినను వినలేదనియు 2022లో విచారణవలన తెలిసెను. ఇంగ్లండు సంఘమువారి మధ్య క్రైస్తవ శిబిరములద్వారా పరిచయమైన బాలురను ఒక న్యాయవాది భక్తి పేరిట రక్తము కారునట్లు కొట్టెను. పెద్దలు తగినట్లు చర్య తీసికొనలేదని 2024 నవంబరులో నివేదిక రాగా కాంటర్బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీగారు రాజీనామా చేసిరి.

దూరదేశపు మాటలెందుకు? మన సంగతి చెప్పుకొందము. కొన్ని సంవత్సరముల క్రిందట మన పేటనుండి ఒక పిల్లవాడు మన మిషనువారి బోర్డింగులో చదువుచుండెను. వాడు ఒక రాత్రి పారిపోయి, ప్రొద్దు పొడుచు వేళకు కాళ్లు బొబ్బలెక్కి యింటికి వచ్చెను. పిల్లల గ్రుడ్లు, బియ్యము వార్డెనుగారు తన యింటికి పంపుకొనుచున్నారనియు, అడిగినవానిని గదిలోపెట్టి కొట్టుచున్నారనియు చెప్పెను. తండ్రి వానిని మనయొద్దకు తీసికొనివచ్చెను. మనము పెద్దలమై కూర్చుంటిమి. వాని వీపు చూచినవారు లేరు. “అయ్యగారిమీద నేరము చెప్పకూడదు, అభిషిక్తుని ముట్టకూడదు” అని వాక్యము చూపించితిమి. వానిచేత క్షమాపణ చెప్పించి, సాయంకాలపు బస్సు ఎక్కించితిమి.

వాడు చెప్పినదంతయు నిజమని రెండేండ్లకు తెలిసెను. వార్డెనును వేరొక చోటికి మార్చిరి. పిల్లవాడు ఇప్పుడు పెద్దవాడాయెను. పండుగకు ఊరికి వచ్చును, తల్లిని చూచును, గుడి మెట్టు ఎక్కడు. వానిని ఏమని పిలువవలెనో మనకు తెలియదు. షిలోహులోని ఏలీకి కన్నులు మందగించినవి. మన కన్నులు బాగుగానే యుండెను. చూడకపోవుట మనము కోరుకొన్నది.

6. ఏమి చేయుదము?

ఏలీలో ఒక మంచిగుణము మిగిలియుండెను. ఉదయమున సమూయేలు భయపడుచు గుడారపు తలుపులు తీయుచుండగా, ఆ ముసలివాడు వానిని పిలిచి, దేవుడు చెప్పినదేదియు నాకు దాచవద్దని బ్రతిమాలెను. తన యింటికి విరోధమైన మాటను ఒక బాలుని నోట వినుటకు ఒప్పుకొనెను. అది ముందే చేసియుండినయెడల ఎంత మేలు! ఇప్పటికైనను మనము అక్కడనుండి మొదలుపెట్టవచ్చును.

మొదటిది: బిడ్డ మాట వినవలెను. హాస్టలులోనుండి గాని, సండే స్కూలులోనుండి గాని, బైబిలు శిక్షణాలయములోనుండి గాని ఒక బిడ్డ వచ్చి చెప్పినప్పుడు ముందు వాని వీపు చూడవలెను. వాక్యము తరువాత చూపవచ్చును.

రెండవది: తల్లి రాకపోకలను ఆపకూడదు. బిడ్డను దేవుని పనికి ఇచ్చితిమని చెప్పి వదలివేయకూడదు. హన్నావలె వెళ్లి చూడవలెను. తల్లిదండ్రులు వచ్చుట ఇష్టపడని హాస్టలులో బిడ్డను ఉంచకూడదు.

మూడవది: నేరమును సంఘములోనే కప్పకూడదు. బాలలమీద జరుగు లైంగిక నేరములనుగూర్చి 2012లో చేసిన పోక్సో చట్టము ప్రకారము, అట్టి సంగతి తెలిసినవాడు పోలీసువారికి తెలుపక దాచుటయే నేరము. కాపరియైనను, సంఘపెద్దయైనను దీనికి మినహాయింపు లేదు. 1098 అను నంబరునకు ఫోను చేసినను బిడ్డకు సహాయము దొరకును. బిడ్డ పేరును వీధిలో చాటకూడదు. నేరమును దాచవద్దు, బిడ్డను బయటపెట్టవద్దు.

నాలుగవది: కాపరిని మనిషిగా చూడవలెను. మన పాస్టరుగారు కూడ అలసిపోవును, ఒంటరియగును, శోధింపబడును. ఆయనను దేవదూతగా చేసి ఎత్తున కూర్చుండబెట్టినయెడల, కాలు జారుచున్నదని చెప్పుకొనుటకు ఆయనకు చోటుండదు. సువార్త సేవకు యౌవనులను పంపునప్పుడు, వాడెంత బాగుగా ప్రసంగించునో అని మాత్రమే చూడక, యింటిలో తల్లితో ఎట్లు మాటలాడును, అప్పు తీర్చునా, కోపము అణచుకొనునా, తప్పు ఒప్పుకొనునా అని విచారింపవలెను. అధ్యక్షుడు బయటివారిచేత మంచి సాక్ష్యము పొందినవాడై యుండవలెనని పౌలు తిమోతికి వ్రాసినది ఇందుకే. లెక్కల పుస్తకము ఒక్కరి చేతిలో ఉండకూడదు. పిల్లలు ఒక్కరి వశములో ఉండకూడదు.

ప్రియులారా, షిలోహు నిలువలేదు. మందసము పట్టబడెను, కుమారులు చచ్చిరి, ఏలీ పీఠముమీదనుండి వెనుకకు పడి మెడ విరిగి మరణించెను. అయితే దేవుడు మరణింపలేదు. తనకొరకు వేరొక యాజకుని లేపుకొందునని ఆయన ముందే చెప్పెను. మన ప్రధానయాజకుడైన యేసు ఎవరి కుండలోను కొంకి గ్రుచ్చలేదు, తన శరీరమునే మనకిచ్చెను. శిష్యులు బాలలను అడ్డగింపగా కోపపడి, వారిని దగ్గరకు తీసికొనెను. ఆయన యెదుట ఆర్.సి.యం. వారును మనమును ఒకే వరుసలో నిలువవలసినవారము.

గుడి మెట్టు ఎక్కని ఆ సహోదరునియొద్దకు ఈ పండుగకు మనమే వెళ్లుదము. గుడికి రమ్మని పిలువవద్దు. తప్పు చేసితిమని చెప్పుదము. వాడు తలుపు తీయకపోయినను మనము చెప్పవలసినది చెప్పి వత్తము.

ప్రార్థన: తండ్రీ, మేము విన్నను విననట్లుండిన దినములను క్షమింపుము. మా పొరుగు సంఘపు గురువులలో నమ్మకముగా సేవచేయువారిని బలపరచుము. గాయపడిన బాలలను, వారి తల్లులను ఆదరించుము. మా కాపరులకు వినయమును, మా పెద్దలకు ధైర్యమును, మా పిల్లలకు మాటలాడు స్వేచ్ఛను దయచేయుము. యేసుక్రీస్తు నామమున వేడుచున్నాము. ఆమేన్.